గాలి ఒక్క పూట, చీకటి ఎన్నాళ్లు?

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మధ్యాహ్నం వేళ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగం అందుకుంది. రాత్రికి ఉధృతి తగ్గింది. తెల్లారి విశాఖ శివారు మధురవాడ జనం తలుపులు తీసి చూస్తే స్లాబ్ ఇళ్లు దాదాపు అన్నీ నిలబడే ఉన్నాయి. అద్దాలు పగిలాయి, రేకులు ఎగిరాయి, ప్రహరీలు ఒరిగాయి. ఇళ్ల గోడలు, స్లాబులు మాత్రం గాలికి తట్టుకున్నాయి.

అయినా ఊరు నడవలేదు. కరెంటు లేదు. కరెంటు లేక మోటార్లు తిరగలేదు, కుళాయిల్లో నీళ్లు రాలేదు. ఫోన్లు మూగబోయాయి. పాల ప్యాకెట్ల కోసం, పెట్రోలు కోసం బారులు తీరారు. విమానాశ్రయం పైకప్పు దెబ్బతిని కొన్నాళ్లు మూతపడింది. మధురవాడ పక్కనే పోతినమల్లయ్యపాలెంలోని క్రికెట్ స్టేడియంలో 14న జరగాల్సిన భారత్-వెస్టిండీస్ వన్డే రద్దయింది. శివారు కాలనీలకు కరెంటు తిరిగి రావడానికి రోజుల తరబడి పట్టింది.

గాలి వీచింది ఒక్క పూట. ఇళ్లు నిలబడ్డాయి. మరి ఊరెందుకు అన్నాళ్లు ఆగిపోయింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే తెలిసే సంగతి ఒకటుంది. తుపాను ఎంత బలంగా వస్తుందో మన చేతిలో లేదు. తుపాను వెళ్లాక చీకటి ఎన్నాళ్లుండాలో మాత్రం మనం ముందే నిర్ణయించుకుంటున్నాం. స్తంభం పాతేటప్పుడు, కాలువ తవ్వేటప్పుడు, పంపుహౌసుకు లైను లాగేటప్పుడు ఆ నిర్ణయం జరిగిపోతోంది.

గాలి వేగం వేరు, గాలి బలం వేరు

గాలి వేగం రెట్టింపైతే అది నెట్టే బలం నాలుగింతలవుతుంది. వేగం మూడింతలైతే బలం తొమ్మిదింతలు. వేగం పెరిగినప్పుడు రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి. ప్రతి సెకనుకూ వచ్చి తగిలే గాలి పరిమాణం పెరుగుతుంది. తగిలే గాలి కూడా అంతకు అంత గట్టిగా తగులుతుంది. ఈ రెండు పెరుగుదలలూ ఒకదాన్నొకటి హెచ్చవేస్తాయి. 60 కిలోమీటర్ల ఈదురుగాలికి కాస్త ఊగి ఊరుకునే స్తంభం, 180 కిలోమీటర్ల గాలిలో దానికి తొమ్మిదింతల బలాన్ని ఓర్చుకోవాలి.

స్లాబ్ ఇంటికి దాని బరువే రక్ష. టన్నుల కొద్దీ కాంక్రీటును కదిలించడం గాలికి కష్టం. కరెంటు స్తంభం, సెల్ టవర్, రేకుల షెడ్డు, వీధి దీపం అలాంటివి కావు. ఎత్తు ఎక్కువ, బరువు తక్కువ. ఊరికి ప్రాణాధారమైన సేవలన్నీ వీటి మీదుగానే నడుస్తున్నాయి.

మధురవాడకు కొండల చిక్కు కూడా ఉంది. ఒక వైపు కంబాలకొండ వరుస, మరో వైపు రుషికొండ, ఐటీ కంపెనీలు కొలువైన గుట్టలు. సముద్రం మీంచి వచ్చే గాలి కొండవాలు ఎక్కేటప్పుడు ఇరుకున పడి వేగం పుంజుకుంటుంది. భవనాల మీద గాలి భారాన్ని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, నిటారు కొండ కొమ్మున గాలి వేగాన్ని 36 శాతం వరకు పెంచి లెక్కించమంటుంది. వేగం 36 శాతం పెరిగితే బలం దాదాపు 85 శాతం పెరుగుతుంది. నీళ్లు వాటంతటవే పల్లానికి దిగాలని ట్యాంకులను గుట్ట మీద కడతాం. సిగ్నల్ దూరం పోవాలని టవర్లనూ గుట్ట మీదే నిలబెడతాం. మైదానంలో నిలిచే టవర్ నమూనాను అలాగే తెచ్చి గుట్ట మీద పెడితే, గాలి ముందు అది తక్కువ బలంతో నిలబడ్డట్టే.

హుద్‌హుద్ నాడు విశాఖ మరో దెబ్బ కూడా తింది. తుపాను కన్ను నగరం మీదుగా వెళ్లింది. మొదట గాలి ఒక దిక్కు నుంచి విరుచుకుపడింది. కన్ను పైకి రాగానే నెమ్మదించింది. కన్ను దాటాక ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. మొదటి విసురుకు వేళ్లు సడలిన చెట్టును, మొదట్లో వదులైన స్తంభాన్ని రెండో విసురు వెనక్కి నెట్టింది. ఒక వైపు గాలికే లెక్క వేసుకున్న ఆధారాలు అక్కడ పనికిరాలేదు.

ఒక్క స్తంభం పడితే వరుసంతా ఎందుకు పడుతుంది?

పెరట్లో బట్టలారేసే దండెం ఊహించుకోండి. నాలుగు గుంజలు వరుసగా పాతి, ఒకే తీగ లాగి కట్టారు. మధ్య గుంజలకు పెద్ద కష్టం లేదు. తీగ అటూ ఇటూ సమానంగా లాగుతుంది కాబట్టి ఆ రెండు లాగుడులూ చెల్లుకు చెల్లు. ఇప్పుడు ఒక చివర తీగ పుటుక్కున తెగిందనుకోండి. పక్క గుంజను ఇంతసేపూ అటు పట్టి ఉంచిన బలం మాయమైంది. ఇటు లాగే బలం మాత్రం అలాగే ఉంది. గుంజ ఇటు ఒరుగుతుంది, దాని ఒరుగుడు తర్వాతి గుంజకు పాకుతుంది.

కరెంటు లైనులో జరిగేదీ ఇదే. స్తంభాన్ని నేలకు లాగి కట్టే స్టే వైర్లు సాధారణంగా లైను చివర, మలుపుల దగ్గర ఉంటాయి. నేరుగా పోయే వరుసలో మధ్య స్తంభాలకు ఆ ఊతం ఉండదు. ఒక చెట్టు వైర్ల మీద పడితే చాలు, ఆ బరువు రెండు పక్కల స్తంభాలనూ లోపలికి లాగుతుంది. హుద్‌హుద్‌లో విశాఖ పచ్చదనం ఎంత పోయిందో నగరవాసులకు గుర్తే. పడిన చెట్లలో రోడ్ల పక్కన, వైర్ల కింద ఉన్నవీ ఎన్నో.

విరిగిన సిమెంటు స్తంభాన్ని దగ్గర నుంచి చూస్తే ఎక్కడ విరిగిందో గమనించండి. చాలాసార్లు నేలకు జానెడు, మూరెడు ఎత్తులో విరుగుతుంది. కాంక్రీటు పిండి పిండిగా రాలి, లోపలి సన్నటి ఉక్కు తీగలు వంగి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. పైన వైర్లను నెట్టిన గాలి ప్రభావమంతా కింద నేలమట్టం దగ్గర పోగుపడుతుంది. స్తంభం పొడవులో ఆరో వంతు నేలలో ఉండాలన్నది లైన్ పనిలో వాడుకలో ఉన్న లెక్క. తొమ్మిది మీటర్ల స్తంభమైతే మీటరున్నర. పనివాళ్లకు రాయి తగిలిందనో, తొందరనో ఆ గుంత మీటరు దగ్గరే ఆగితే, తుపాను వానకు మట్టి నానాక స్తంభం విరగకుండానే పెకలుకుని వస్తుంది.

దీనికి పరిష్కారం ప్రతి స్తంభాన్నీ కోటలా కట్టడం కాదు, అంత డబ్బు ఎవరి దగ్గరా ఉండదు. కొన్ని స్తంభాలకొకటి చొప్పున బలమైన ఉక్కు స్తంభాన్ని నాలుగు వైపులా ఊతమిచ్చి నిలబెడితే, కూలుడు అక్కడికి వచ్చి ఆగుతుంది. మొత్తం లైను నేలకొరగడానికి బదులు ఒక ముక్క మాత్రమే పోతుంది. నష్టం రాకుండా చూడటం ఒక ఎత్తు, వచ్చిన నష్టానికి హద్దు గీయడం మరో ఎత్తు. రెండో దానికి ఖర్చు చాలా తక్కువ.

బాక్స్ 1
■ ‘50 ఏళ్లకోసారి’ అంటే ఏమిటి?

ఐఎస్ 875 ప్రకారం విశాఖపట్నానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. సగటున 50 ఏళ్లకోసారి వచ్చే గాలి అని దాని అర్థం. “2014లో వచ్చేసింది కాబట్టి 2064 దాకా భయం లేదు” అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ప్రతి ఏడాదీ అలాంటి గాలి వచ్చే అవకాశం 50లో ఒకటి. నిరుడు వచ్చిందా లేదా అన్న సంగతి గాలికి గుర్తుండదు. ఈ లెక్కన ఒక కట్టడం 30 ఏళ్లు నిలిస్తే అది అలాంటి గాలిని చూసే అవకాశం దాదాపు 45 శాతం. 50 ఏళ్లు నిలిస్తే దాదాపు 64 శాతం. అంటే 50 ఏళ్లు నిలిచే కట్టడం తన ఆయుష్షులో పెను గాలిని చూడడానికే ఎక్కువ అవకాశం ఉంది.

ఒకదాని జుట్టు ఇంకొకదాని చేతిలో

స్తంభాలు పడ్డాయి సరే, లేపి నిలబెట్టొచ్చు కదా? ఇక్కడే అసలు చిక్కు.

సెల్ టవర్‌కు కరెంటు పోగానే బ్యాటరీ అందుకుంటుంది. అది కొన్ని గంటలే. తర్వాత జనరేటర్. జనరేటర్‌కు డీజిల్ కావాలి. డీజిల్ తెచ్చే బండికి రోడ్డు కావాలి. రోడ్డు మీద చెట్లు పడి ఉన్నాయి. చెట్లు కోసే ముఠా ఏ వీధికి ముందు పోవాలో చెప్పడానికి ఫోను కావాలి. ఫోను పనిచేయాలంటే సెల్ టవర్‌కు కరెంటు ఉండాలి. తిరిగి మొదటికే వచ్చాం. బంకు భూమిలోని ట్యాంకులో డీజిల్ నిండా ఉన్నా, పైకి తోడే మోటారుకు కరెంటు లేకపోతే చుక్క రాదు.

నీటికీ అదే పరిస్థితి. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల్లో నీళ్లు తుపానుకు నిండుతాయే తప్ప తగ్గవు. వాటిని శుద్ధి చేసి, ఎత్తు మీది ట్యాంకులకు ఎక్కించే పంపులు ఆగితే నగరం దాహంతో ఉంటుంది. నీళ్లు లేని ఆసుపత్రిలో ఆపరేషన్ చేయలేరు. ఆసుపత్రి భవనానికి ఒక్క పగులు లేకపోయినా అది ఆసుపత్రిగా పనిచేయడం మానేసినట్టే.

హెచ్చరించే వ్యవస్థే దెబ్బతినడం మరో ఉదాహరణ. కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ హుద్‌హుద్‌ను దూరం నుంచి కనిపెడుతూ వచ్చింది, తీరా తుపాను పైకి వచ్చాక దాని దెబ్బకే ఆగిపోయింది.

కరెంటు పునరుద్ధరణకు ఒక క్రమం కూడా ఉంది. ముందు హైటెన్షన్ లైన్లు, తర్వాత సబ్‌స్టేషన్, తర్వాత 33 కేవీ, 11 కేవీ ఫీడర్లు (పంపిణీ లైన్లు), చివర్న వీధి ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాతే ఇల్లు. లైన్‌మన్ ప్రతి దశలోనూ ఎల్‌సీ తీసుకుని, అంటే ఆ లైనులో కరెంటు ఆపించి ఖాయం చేసుకుని, పడిన చోటల్లా నడిచి చూసి, సరిచేసి, పరీక్షించాకే పైకి సమాచారమివ్వాలి. ఎక్కడో ఒక ఇంట్లో జనరేటర్‌ను సరైన స్విచ్ లేకుండా మెయిన్‌కు కలిపితే ఆ కరెంటు వెనక్కి పారి స్తంభమెక్కిన మనిషి ప్రాణం తీస్తుంది. అందుకే వాళ్లు తొందరపడరు, పడకూడదు కూడా. మన వీధికి కరెంటు ఆలస్యమైనప్పుడు వాళ్ల మీద కోపగించుకోవడం అన్యాయం. ఆ ఆలస్యంలో ఎక్కువ భాగం ఏళ్ల కిందట లైను వేసిన తీరులోనే ఉంది.

వైర్లను నేలలోకి దించితే సరిపోతుందా?

హుద్‌హుద్ తర్వాత 2015లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టుకు 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. విశాఖ నగరంలో కరెంటు వైర్లను భూగర్భ కేబుళ్లుగా మార్చే పని అందులో ముఖ్య భాగం. నేలలో ఉన్న కేబుల్‌ను గాలి నెట్టలేదు, చెట్టు పడి తెంపలేదు. దీనితో పాటు వీధుల్లో రింగ్ మెయిన్ యూనిట్లు వచ్చాయి. బీరువా అంత ఉండే ఈ ఇనుప పెట్టెల్లోని స్విచ్‌ల వల్ల ఒక వీధికి రెండు వైపుల నుంచి కరెంటు అందే వీలుంటుంది. ఒక వైపు కేబుల్ దెబ్బతింటే ఆ ముక్కను విడదీసి రెండో వైపు నుంచి ఇస్తారు. చీకటి ఊరంతా పరుచుకోకుండా ఒక ముక్కకే పరిమితమవుతుంది.

కేబుల్‌కూ బలహీనతలున్నాయి. కోసి చూస్తే నడుమ అల్యూమినియం, దాని చుట్టూ పలచని నల్లటి పొర, ఆపైన మందపాటి ప్లాస్టిక్ లాంటి ఇన్సులేషన్, మళ్లీ నల్ల పొర, లోహపు తొడుగు, ఉక్కు కవచం, బయటి తొడుగు కనిపిస్తాయి. రెండు ముక్కలు అతికే చోట జాయింటర్ ఈ పొరలన్నీ ఒక్కొక్కటే ఒలిచి, తిరిగి ఒక్కొక్కటే కట్టాలి. అక్కడ కత్తి గాటు పడినా, తడి చేరినా అప్పటికప్పుడు తెలియదు. నీరు, విద్యుత్ ఒత్తిడి కలిసి ఇన్సులేషన్‌లో కొమ్మలు వేసినట్టు సన్నటి దారులు చేసుకుంటూ పోతాయి. ఏళ్ల తర్వాత ఒక వర్షాకాలంలో కేబుల్ పేలుతుంది. పైన ఉన్న వైరు తెగితే కంటికి కనిపిస్తుంది, కింద కేబుల్ పోతే పరికరాలతో వెతకాలి, తవ్వాలి. ఖర్చు కూడా పై లైనుకు అనేక రెట్లు.

అందుకని మధురవాడ లాంటి చోట్ల ప్రతి సందులోనూ తవ్వడం కంటే ఏవి ముందన్నది తేల్చుకోవాలి. ఆసుపత్రి, పంపుహౌసు, అగ్నిమాపక కేంద్రం, పునరావాస కేంద్రాలయ్యే బడులు, వీటికి పోయే ఫీడర్లను ముందు నేలలోకి దించాలి. రింగ్ మెయిన్ పెట్టెలను వరద నీటి మట్టానికి పైన దిమ్మె కట్టి నిలపాలి. గాలి నుంచి తప్పించిన తీగను వరదకు అప్పగిస్తే ప్రయోజనం లేదు. కేబుల్ కోసం తవ్వేటప్పుడు చెట్ల వేళ్లు నరికేస్తే ఆ చెట్టు తర్వాతి గాలికే పడుతుంది. మొదలు చుట్టూ సిమెంటు పోసిన చెట్టూ అంతే. తురాయి లాంటి పెళుసు కొమ్మల చెట్లకు బదులు వేప, కానుగ నాటడం, అక్టోబర్ గాలులకు ముందే కొమ్మలు కొట్టించడం కూడా కరెంటు శాఖ పనిలో భాగమే అనుకోవాలి.

కొండ నీరు, గెడ్డ దారి

తుపాను గాలి తెస్తుంది, గాలితో పాటు వానా తెస్తుంది. మధురవాడ కొండల మధ్య పల్లంలో ఉంది. కొండ మీద చెట్లు, మట్టి ఉన్నంత కాలం వాన నీళ్లలో కొంత ఇంకి, కొంత నెమ్మదిగా గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి దిగేది. లేఅవుట్లు, రోడ్లు, సిమెంటు పరుచుకున్న కొద్దీ అదే వాన ఎక్కువ నీరుగా, తక్కువ సమయంలో కిందికి వస్తుంది. దారిలో గెడ్డ ఇరుకైతే నీరు రోడ్డెక్కుతుంది. రోడ్డు దాటి అవతలికి దూకే చోట కట్టను కింద నుంచి కోస్తుంది. కల్వర్టు కాంక్రీటు చెక్కుచెదరకపోయినా దాని పక్క మట్టి కొట్టుకుపోతే రోడ్డు తెగినట్టే.

ఇక్కడా ప్రకృతి లెక్క మనకు అనుకూలంగా ఉంది. ఒకే వాలులో గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేస్తే అది మోసే నీరు ఆరింతలకు పైగా పెరుగుతుంది. కల్వర్టు కట్టేటప్పుడే ఒక సైజు పెద్దది వేస్తే పెరిగే ఖర్చు తక్కువ, పెరిగే రక్షణ ఎక్కువ. పెద్ద గొట్టంలో కొమ్మలు, ప్లాస్టిక్ చిక్కుకుని మూసుకుపోవడం కూడా తక్కువ.

ఈ కొండలు ఎక్కువగా ఖొండలైట్ శిల. వేల ఏళ్ల ఎండవానలకు అది శిథిలమై మెత్తటి ఎర్రటి మట్టిగా మారుతుంది. పొడిగా ఉన్నప్పుడు నిటారుగా కోసినా నిలబడుతుంది. నానితే ఆ పట్టు సడలుతుంది. కొండను కోసి ఇంటి స్థలాలు, రోడ్లు చేసినచోట రిటైనింగ్ గోడలే దిక్కు.

బాక్స్ 2
■ గోడను నెట్టేది మట్టా, నీరా?

రిటైనింగ్ గోడ మట్టిని ఆపడానికని అనుకుంటాం. పొడి మట్టిలో రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని చాలా వరకు తమను తామే నిలబెట్టుకుంటాయి. గోడ మీద పడే నెట్టు వాటి బరువులో కొంత భాగమే. నీటికి అలాంటి పట్టు లేదు. అది తన ఒత్తిడినంతా పక్కకూ చూపిస్తుంది. గోడ వెనక మట్టి నీళ్లతో నిండితే గోడ మీద నెట్టు పొడి మట్టి నెట్టుకు రెట్టింపు దాటుతుంది. అందుకే గోడలో వరుసగా చిన్న చిన్న రంధ్రాలు వదిలి, వెనక కంకర నింపుతారు. నీరు వాటి గుండా బయటికి కారిపోతుంది. ఈసారి వాన కురిసేటప్పుడు మీ వీధి గోడను చూడండి. రంధ్రాల నుంచి నీరు కారుతుంటే అవి పనిచేస్తున్నట్టే. వాన కుండపోతగా పడుతున్నా అవి పొడిగా ఉంటే, లేదా ప్లాస్టర్‌తో కప్పేసి ఉంటే, వెంటనే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఇంజినీరుకు చెప్పాలి.

ఖర్చెంత, లాభమెంత?

“ఇవన్నీ చేయాలంటే డబ్బెక్కడిది?” అన్న ప్రశ్న సహజం. 2019లో ప్రపంచ బ్యాంకు మౌలిక సదుపాయాల మీద ఇచ్చిన నివేదిక ప్రకారం, కొత్తగా కట్టేవాటిని విపత్తులకు తట్టుకునేలా కట్టడానికి మొత్తం పెట్టుబడి అవసరంలో సుమారు 3 శాతం అదనంగా చాలు. అలా పెట్టే ప్రతి డాలరుకూ సగటున 4 డాలర్ల మేలు తిరిగి వస్తుంది. ఒకసారి కూలాక కట్టేది మాత్రం రెండోసారి పూర్తి ఖర్చు. పైగా ఈలోగా ఆగిన కూలి, ఆగిన చదువు, ఆగిన వైద్యం ఏ బిల్లులోనూ కనబడవు. తుపాను వెళ్లిన రెండో రోజు విశాఖ వచ్చిన ప్రధాని తక్షణ సాయంగా 1000 కోట్ల రూపాయలు ప్రకటించారు. ఆ సాయం అవసరమే. దాని కోసం ఎదురుచూసే అవసరాన్ని తగ్గించడం ఇంకా అవసరం.

ప్రమాణాలు కూడా ఈ దిశలో మారాయి. 2015లో సవరించిన ఐఎస్ 875, తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు ఉండి, తుపాను తర్వాత తప్పక పనిచేయాల్సిన ఆసుపత్రులు, తుపాను షెల్టర్లు, కమ్యూనికేషన్ టవర్లు వంటివాటికి గాలి వేగాన్ని 30 శాతం పెంచి లెక్కించమంది. విశాఖలో 180 కాస్తా 234 అవుతుంది. బలం లెక్కలో అది దాదాపు 70 శాతం అదనం. సముద్రానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని మధురవాడకు ఈ నియమం పూర్తిగా వర్తిస్తుంది. అదే ఏడాది మార్చిలో జపాన్‌లోని సెండాయ్‌లో దేశాలన్నీ ఒప్పుకున్న విపత్తు నివారణ ప్రణాళికలో, ముఖ్యమైన సదుపాయాల నష్టాన్నీ సేవల అంతరాయాన్నీ తగ్గించడం ఒక లక్ష్యం. 2019లో భారత్ చొరవతో విపత్తులను తట్టుకునే మౌలిక సదుపాయాల అంతర్జాతీయ కూటమి మొదలైంది. జ్ఞానానికి కొరత లేదు. అది మన వార్డు దాకా రావాలి.

గంటల్లో లెక్క చెప్పే పట్టిక

ఇంతవరకు మన ప్రణాళికలు ఎన్ని స్తంభాలు మార్చాం, ఎన్ని కిలోమీటర్ల కేబుల్ వేశాం అన్న లెక్కలే చెబుతాయి. జనానికి కావలసిన లెక్క వేరు. 180 కిలోమీటర్ల గాలి వస్తే మధురవాడలో ఆసుపత్రికి కరెంటు ఎన్ని గంటల్లో తిరిగి వస్తుంది? పంపుహౌసు ఎన్ని గంటల్లో నడుస్తుంది? జాతీయ రహదారి మీది చెట్లు ఎన్ని గంటల్లో తొలగుతాయి? సెల్ టవర్ ఎన్ని గంటలు సొంతంగా నిలబడగలదు? కాలనీ ఇంటికి కరెంటు ఎన్ని రోజుల్లో?

ఈ ప్రశ్నలకు ఒక్కో అంకె రాసిన పట్టికను విద్యుత్ సంస్థ, జీవీఎంసీ, టెలికాం కంపెనీలు కలిసి తయారుచేసి వార్డు కార్యాలయం గోడకు అతికించాలి. ఆ అంకె రాయాలంటే ఇంజినీర్లు కూర్చుని ఏది దేని మీద ఆధారపడిందో గీసి చూసుకోక తప్పదు. పంపుహౌసుకు రెండో ఫీడర్ లేదని, టవర్ దగ్గర డీజిల్ ఒక్క రోజుకే ఉందని, సబ్‌స్టేషన్ వెనక గోడలో రంధ్రాలు మూసుకుపోయాయని అప్పుడే బయటపడుతుంది. ప్రతి ఏటా తుపాన్ల కాలానికి ముందు సెప్టెంబరులో ఒక రోజు కరెంటు కావాలనే ఆపి, ఆ పట్టిక నిజమో కాదో పరీక్షించాలి. పట్టికలో ఆసుపత్రి ఎదుట 6 గంటలని ఉండి పరీక్షలో 20 గంటలు పడితే, వచ్చే ఏడాది బడ్జెట్ ఎక్కడ ఖర్చు పెట్టాలో ఎవరినీ అడగక్కర్లేదు. ఆ పట్టికను అడిగే హక్కు పన్ను కట్టే ప్రతి ఇంటికీ ఉంది. వార్డు సభలో మొదటి ప్రశ్నగా దాన్నే అడుగుదాం.